పింగాణీ లక్ష్మికి పెట్టిన దండం ఎవరికి చేరుతుంది?

వరలక్ష్మీ వ్రతం వీడియోలో కలశం పక్కన ఒక చిన్న పింగాణీ లక్ష్మి బొమ్మ కనిపించింది, గమనించే ఉంటారు. జానెడు ఎత్తు, ఎర్ర చీర, బంగారు రంగు అంచు, పై చేతుల్లో తామరలు, పాదాల కింద ఇంకో తామర. ఇలాంటిది మీ ఇంట్లో కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది. షోకేస్‌లోనో, టీవీ పక్కనో, కారు డ్యాష్‌బోర్డ్ మీదనో. గృహప్రవేశానికి వెళ్తే రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చి ఉంటారు, లేదంటే వేములవాడ పోయినప్పుడు గుడి ముందు కొట్లో కొన్నది అయి ఉంటుంది.

ఆ బొమ్మ ముఖం ఎవరిది?

లక్ష్మీదేవిది అంటాం. కానీ పాత గుళ్లకు పోయినప్పుడు ద్వారబంధం పైన గజలక్ష్మిని చూడండి. తామరలో కూర్చొని ఉంటుంది, రెండు పక్కలా ఏనుగులు నీళ్లు పోస్తుంటాయి. ఆమెకు ఈ చీరకట్టు లేదు, ఈ పక్కింటి ఆడపడుచు లాంటి ముఖమూ లేదు. మన బొమ్మ ఆ రాతి నుంచి రాలేదు. 1896లో ఒకాయన నూనె రంగులతో వేసిన పటం నుంచి వచ్చింది. ఆయనే రాజా రవివర్మ.

రవివర్మ 1848లో కిళిమానూర్‌లో పుట్టాడు. తిరువాంకూర్ రాజవంశంతో పెళ్లి సంబంధాలున్న కుటుంబం. పురాణాల్లోని వాళ్లకు ఏ బట్టలు వేయాలి, ఏ నగలు పెట్టాలి అని తేల్చుకోవడానికి తమ్ముడు రాజరాజవర్మతో కలిసి ఉత్తరదేశమంతా తిరిగాడు. ఆయన పటాలు బరోడా, మైసూరు లాంటి సంస్థానాల గోడల మీద ఉండేవి. మామూలు మనిషి చూసే వీలు తక్కువ. తిరువాంకూర్‌లో, తర్వాత బరోడాలో దివానుగా చేసిన టి. మాధవరావు ఒక సలహా ఇచ్చాడు: అందరికీ తలా ఒక పటం వేసి ఇవ్వలేవు, కొన్నింటిని యూరప్ పంపి అచ్చు వేయించు అని. చివరికి 1894లో బొంబాయిలో రవివర్మ సొంత ప్రెస్సే పెట్టాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి, అదే కాగితాన్ని మళ్లీ మళ్లీ అచ్చుకు పెట్టాలి. ఆ పనికి జర్మన్ యంత్రాలు, జర్మన్ పనివాళ్లు వచ్చారు. కొన్నేళ్లకు ప్రెస్ లోణావలా దగ్గరి మలవ్లీకి మారింది, అప్పుల్లో పడింది, ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ సాంకేతిక నిపుణుడి చేతికి పోయింది. లక్ష్మి, సరస్వతి మాత్రం అప్పటికే ఇళ్లకు చేరిపోయారు. చాలా ఇళ్లలో ఆడవాళ్లు ఆ కాగితం లక్ష్మికి జరీ, తళుకులు, పూసలు కుట్టి అద్దం కట్టించేవాళ్లు. అట్లాంటి పాత పటాలు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి.

ఆ కాగితాన్ని చూసి జర్మనీలో పింగాణీ ఫ్యాక్టరీలు బొమ్మలు చేశాయి. 20వ శతాబ్దం మొదట్లో అవి ఓడల్లో మన దేశానికి వచ్చాయి. తమిళనాడులో చెట్టినాడు ఇళ్లలో వీటిని ముచ్చటగా పెట్టుకునేవారు, కారైకుడి పాత సామాన్ల కొట్లలో ఇప్పటికీ దొరుకుతాయి. లక్ష్మి అంటే ఎవరో తెలియని మనిషి జర్మనీలో బల్ల ముందు కూర్చొని సన్నటి కుంచెతో ఆమెకు కనురెప్పలు దిద్దాడు. మన బజార్లలో ఇప్పుడు దొరికే బొమ్మలు ఎక్కడ తయారైనా, నిలబడిన తీరు ఆ పటం నుంచి వచ్చిందే.

అంటే మన చేతిలో ఉన్నది నకలుకు నకలు. పటం నుంచి అచ్చు, అచ్చు నుంచి బొమ్మ, ఆ బొమ్మ నుంచి ఇంకో బొమ్మ. మా ఆఫీసులో ఒక మిత్రుడు దీని గురించి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అది మర్చండైజ్ రా, సూపర్‌హీరో బొమ్మకు దీనికి తేడా ఏంది?" అన్నాడు. ఇది ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. కాబట్టి నిజంగానే ఆలోచించాలి.

ముందు ఆ బొమ్మ ఎట్లా తయారవుతుందో చూద్దాం, ఇంజనీర్ బుద్ధి కదా. మెత్తటి తెల్లమట్టి, అంటే కేయోలిన్, దాంట్లో ఇంకొన్ని ఖనిజాల పొడి కలిపి నీళ్లలో పల్చటి గంజిలా చేస్తారు. ప్లాస్టర్ అచ్చులో పోస్తారు. ప్లాస్టర్ నీళ్లు పీల్చుకుంటుంది, అచ్చు గోడలకు మట్టి పొరలా పట్టుకుంటుంది. మిగిలిన గంజి వంపేస్తారు, అందుకే బొమ్మ లోపల డొల్ల. నాలుగు చేతులున్న దేవతను ఒకే అచ్చులో తీయడం కుదరదు. చేతులు విడిగా పోసి, అదే గంజితో భుజానికి అతికిస్తారు. ఆరాక 1300 డిగ్రీల దాకా కాలుస్తారు. కాలేటప్పుడు బొమ్మ అంతా చిన్నదవుతుంది, ఒక్కోసారి కొద్దిగా వంగుతుంది కూడా. అచ్చు వాడేకొద్దీ అరుగుతుంది, ముక్కు, వేళ్లు మొద్దుబారతాయి.

మనం గిట్‌లో ఒక రిపో క్లోన్ చేస్తే బిట్ బిట్‌కూ సమానం. అక్కడ అసలు ఏది, నకలు ఏది అన్న ప్రశ్నకు పెద్ద అర్థం లేదు. పింగాణీలో అట్లా కాదు. ప్రతి నకలు అసలు కంటే కొంచెం తగ్గుతుంది, కొంచెం తేడా వస్తుంది, ఎవరిదో వేలిముద్ర కలుస్తుంది. మా ఆదిలాబాద్ వైపు ఉషేగాంలో ఓజాలు చేసే డోక్రా కంచు బొమ్మలైతే దీనికి పూర్తిగా ఎదురు. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి మెత్తి, మైనం కరిగించి కంచు పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే. అచ్చుకు ఒకటే బొమ్మ.

మరి డోక్రా బొమ్మలో దేవుడు ఎక్కువ, పింగాణీ బొమ్మలో తక్కువ అని అనగలమా? నేను అనలేను.

భాగవతం ఏకాదశ స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి పూజావిధానం చెప్తూ ప్రతిమలు ఎనిమిది రకాలు అంటాడు. రాయి, కర్ర, లోహం, మట్టి లేదా గంధం లాంటి పూత, గీసిన బొమ్మ, ఇసుక, మణి, మనసులో చేసుకున్నది. ఈ జాబితాలో నాకు నచ్చేది దాని ఉదారత. ఇసుకతో చేసి సాయంత్రానికి కలిపేసేది, మనసులో తప్ప ఎక్కడా లేనిది, రెండూ రాతి విగ్రహం పక్కనే కూర్చున్నాయి. ఎవరు చేశారు, ఎన్నోది, అసలా నకలా అన్న మాటే అక్కడ లేదు. ఆవాహన చేస్తే ఉంటుంది, ఉద్వాసన చెప్తే పోతుంది. ఒకే కోడ్ వంద మెషిన్ల మీద ఉన్నా, ఎక్కడ నడిపిస్తే అక్కడే పని జరుగుతుంది, అట్లాంటిది. (ఈ పోలిక ఇంట్లో చెప్తే నవ్వుతారు, ఇక్కడ ఫరవాలేదనుకుంటా.)

ఇంకా ముందుకు పోతే, మా వైపు అసలు రూపమే అక్కర్లేదు. నస్పూర్, శ్రీరాంపూర్‌లో బాయికి పోయే సింగరేణి కార్మికులు దండం పెట్టే మైసమ్మకు ముఖం దిద్దింది ఏ రాజాస్థాన కళాకారుడూ కాదు. రాయి, పసుపు, కుంకుమ. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు విగ్రహమే లేదు, కుంకుమ భరిణె వస్తుంది, లక్షల మంది అదే అమ్మవారు అంటారు. ఈ అలవాటులో పెరిగిన వాళ్లకు నకలు బొమ్మలో దేవుడు ఉంటాడా అన్నది పెద్ద సమస్య కాకూడదు.

రవివర్మను విమర్శించిన వాళ్లలో ఆనంద కుమారస్వామి ముఖ్యుడు. ఆ దేవతల్లో దైవత్వం లేదు, నాటకంలో వేషం కట్టిన మనుషుల్లా ఉన్నారు అన్నది ఆయన బాధ. చోళుల కంచు విగ్రహం పక్కన రవివర్మ పటం పెట్టి చూస్తే ఆయన మాట నాకూ కొంత నిజమే అనిపిస్తుంది. కానీ ఆ చోళ విగ్రహం ఉన్న గర్భగుడి ముందు నిలబడే హక్కు అప్పుడు ఎంతమందికి ఉంది? రవివర్మ పుట్టిన తిరువాంకూర్‌లోనే అన్ని కులాల హిందువులకూ గుడి తలుపులు తెరుస్తూ ప్రకటన వచ్చింది 1936లో. ఆయన పోయింది 1906లో. గుడి బయట నిలబెట్టిన మనిషి ఇంటికి కాగితం లక్ష్మి మాత్రం ఎవరినీ అడగకుండా వచ్చింది. ఎవరి గుడిసెలో ఉండాలి, ఎవరి చేయి తాకాలి అన్న షరతు నకలుకు లేదు. కళ సంగతి ఎట్లున్నా, ఈ ఒక్క కారణానికే ఆ అచ్చు రాళ్లకు నేను దండం పెడతాను.

ఇంతదాకా వస్తే నా మిత్రుడి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం కష్టమైనది. నకలులో దేవుడు ఉంటాడు సరే, నకలు మన దగ్గర ఏం అడుగుతుంది?

దీనికి నాకు గుర్తొచ్చేది ఏకలవ్యుడు. ద్రోణుడు కాదన్నాడు. ఏకలవ్యుడు అడవికి పోయి మట్టితో ద్రోణుడి బొమ్మ చేసుకున్నాడు, దాని ముందే విలువిద్య నేర్చుకున్నాడు. ఆ తర్వాత కథ అందరికీ తెలుసు, కుక్క, బాణాలు, అర్జునుడి అలక, బొటనవేలు. ఆ కథలో అన్యాయం గురించి చాలామంది రాశారు, రాయాల్సిందే. నేను చూసేది ఇంకో ముక్క. ద్రోణుడు వచ్చి, నువ్వు నా శిష్యుడివైతే నాకు రావాల్సింది ఇవ్వు అంటాడు. ద్రోణుడు ఏమీ నేర్పలేదు కదా? నేర్పింది బొమ్మ. బొమ్మ వేరు, తను వేరు అయితే దక్షిణ అడిగే హక్కే లేదు. అడిగాడంటే ఆ మట్టిముద్ద నేనే అని ఒప్పుకున్నట్టు. ఇచ్చాడంటే ఏకలవ్యుడూ అదే అన్నట్టు. అది బొమ్మే, నీకేం సంబంధం అని ఒక్క మాట అంటే వేలు మిగిలేది. అతను ఆ మాట అనలేదు. బొమ్మ ముందు కూర్చున్నన్ని రోజులూ అది గురువే అయితే, బిల్లు వచ్చిన రోజు కూడా గురువే కావాలి.

ఇప్పుడు మా ఇంట్లో గొడవ చెప్తాను. మా బాపమ్మ దగ్గర ఒక పింగాణీ లక్ష్మి ఉండేది. తాత సింగరేణిలో పనిచేసేటప్పుడు ఒక ఏడు పండుగ బోనస్‌తో మంచిర్యాలలో కొన్నది. ఖరీదైనదేం కాదు. తాత రిటైర్ అయ్యి క్వార్టర్ ఖాళీ చేసి నస్పూర్‌లోనే సొంతింటికి మారినప్పుడు పై చెయ్యి ఒకటి తామరతో సహా విరిగింది. సరిగ్గా అతుకు దగ్గరే విరిగింది, పైన చెప్పాను కదా, చేతులు విడిగా పోసి అతికిస్తారని.

అమ్మ పట్టుదల అమ్మది. "భిన్నమైన విగ్రహం ఇంట్ల ఉండద్దు, గోదాట్ల కలిపి రా బిడ్డా" అన్నది. బావ ఫోన్‌లో చూసి, పాత పింగాణీ దేవుళ్లకు ఆన్‌లైన్‌లో మంచి రేటు ఉందని చెప్పాడు. మనది అంత పాతది కాదని నేనన్నాను, అయినా ఫోటో తీసి పెడదామన్నాడు. బాపమ్మ అన్నీ విన్నది. తర్వాత, "నాకు గూడ మోకాళ్లు అరిగినయ్. నన్ను గూడ గోదాట్ల కలుపుతరా, లేకపోతే ఫోను మీద అమ్ముతరా?" అన్నది.

అందరం నవ్వినం. అమ్మ మాత్రం నవ్వలేదు, ఎందుకంటే ఆమె మాటలోనూ అర్థం ఉంది. భిన్నమైన దానికి పూజ చేయకూడదన్న నియమం ఊరికే పుట్టలేదు. దేవత రూపాన్ని నిండుగా చూడాలి, లోపం కనిపిస్తే ధ్యానం ఆ లోపం దగ్గరే ఆగిపోతుంది. పంతులుగారిని అడిగితే, ఉద్వాసన చెప్పండి, తర్వాత అది బొమ్మ, ఉంచుకోవడం మీ ఇష్టం అన్నారు. అట్లాగే చేశాం. దేవుడి అరలో అమ్మ ఒక పటం పెట్టుకున్నది. బాపమ్మ ఫెవిక్విక్‌తో చెయ్యి అతికించి బొమ్మను వంటింటి కిటికీలో పెట్టింది. శుక్రవారం బొట్టు పెడుతూనే ఉంది. అమ్మవారు వెళ్లిపోయింది కదా బాపమ్మా అంటే, "ఆమె పోయింది, ఈమె ఉన్నది గద. ఇన్నేండ్లు ఆమెను మోసినందుకన్న పెట్టద్దా?" అన్నది.

శాస్త్రంలో దీనికి చోటుందో లేదో గానీ, నాకు ఇది సరైన మాట అనిపించింది. ఎట్లాగంటే, బాపమ్మ ఆ బొమ్మకు బాకీ ఉందనుకుంటోంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన ఇతిహాసాల్లోనే ఉంది, దాన్ని తప్పించుకోలేం. ఉత్తరకాండలో రాముడు అశ్వమేధం చేస్తాడు. యాగానికి పక్కన భార్య ఉండాలి. సీత అడవిలో, వాల్మీకి ఆశ్రమంలో ఉంది. బంగారంతో సీత బొమ్మ చేయించి పక్కన పెట్టుకుంటాడు. ఇంకో పెళ్లి చేసుకోలేదు, అది ఆయన గొప్పతనం అని చెప్తారు, నేనూ ఒప్పుకుంటాను. యాగానికి ఆ బొమ్మ సరిపోయింది. కానీ నేను ఎప్పుడు ఆ ఘట్టం చదివినా ఒకటే గుచ్చుకుంటుంది. బంగారు సీత ఏమీ అడగలేదు. నన్నెందుకు పంపావు అని అడగలేదు, పిల్లల సంగతి అడగలేదు. అడిగే సీత అడవిలో ఉంది.

ఏకలవ్యుడి బొమ్మ మట్టిది, అది వేలు అడిగింది. రాముడి బొమ్మ బంగారంది, అది ఏమీ అడగలేదు. విలువ మట్టికా బంగారానికా, అసలుకా నకలుకా అన్న లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. మన వయసువాళ్లం ఆఫీస్ డెస్క్ మీద పెట్టుకునే చిన్న గణపతి ఏ రకం? ఇది నాకు నిజంగా తేలని ప్రశ్న. గచ్చిబౌలిలో అద్దె గదిలో ఉంటూ, ఆన్‌లైన్‌లో కొన్న లక్ష్మికి రెండు నిమిషాలు అగర్బత్తి తిప్పి, నస్పూర్‌లో ఉన్న ఇంటికి పది రోజులకోసారి కూడా ఫోన్ చేయని వాళ్లను చూశాను. వాళ్ల భక్తి దొంగది అని నేను అనను. బంగారు సీత పక్కన కూర్చున్న రాముడి దుఃఖమూ దొంగది కాదు. అడగని బొమ్మ దగ్గర హాయిగా ఉంటుంది, అంతే. ఆ హాయిని భక్తి అనుకోవడం చాలా తేలిక.

ఇలాంటిది మన దగ్గరే కాదు. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ కూతురు మరీ, రాజకుమారి అయ్యుండి శిల్పి. జోన్ ఆఫ్ ఆర్క్ కవచం తొడుక్కొని తల వంచి నిలబడ్డ శిల్పం చేసింది, వెర్సయ్ ప్యాలెస్ కోసం. 1839లో 25 ఏళ్లకే చనిపోయింది. ఆ శిల్పాన్ని చిన్న చిన్న కంచు, పింగాణీ బొమ్మలుగా చేసి ఇళ్లలో పెట్టుకున్నారు. చర్చి జోన్‌ను సెయింట్‌గా ప్రకటించింది 1920లో, అంటే దాదాపు 80 ఏళ్ల తర్వాత. అనుమతి వచ్చేదాకా జనం ఆగలేదు, బొమ్మలూ ఆగలేదు. అలమారా మీది ఆ బొమ్మను చూసి ధైర్యం తెచ్చుకున్న వాళ్లు ఉంటారు, దుమ్ము దులిపి పక్కన పెట్టిన వాళ్లూ ఉంటారు. అచ్చు రెండిటికీ ఒకటే.

చివరగా గోదావరి సంగతి, ఎందుకంటే ఇది ఆలోచనతో అయ్యేది కాదు, చేతితో చేయాల్సిన పని. మట్టి వినాయకుడు నీళ్లలో కరుగుతాడు, ఎక్కడి మట్టి అక్కడికి పోతుంది. పింగాణీ కరగదు. 1300 డిగ్రీల్లో కాలిన కేయోలిన్ మళ్లీ మట్టి కాదు. వేల ఏళ్ల నాటి కుండ పెంకులు తవ్వకాల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయంటే కాల్చిన మట్టి ఎంత మొండిదో తెలుస్తుంది, పింగాణీ దానికన్నా మొండిది. మనం నిమజ్జనం అనుకునేది లక్ష్మి ముఖం ఉన్న పెంకును నది అడుగున వదలడం. నీళ్లు తగ్గిన వేసవిలో అది బయటపడుతుంది, ఎవరి కాలికో గుచ్చుకుంటుంది. నదిలో వేయడానికి మనసొప్పని వాళ్లు రావిచెట్టు కింద పెట్టి దండం పెట్టి పోతారు. అద్దం పటాలు, చేయి లేని కృష్ణుళ్లు, తొండం విరిగిన గణపతులు అక్కడ కుప్ప పడతాయి. పారేయడానికి మన చేయి రాలేదు కాబట్టి ఆ పని మునిసిపాలిటీ చెత్త బండి మనిషి చేతికి వదిలేశాం. ఆయనకూ ఇంట్లో దేవుడున్నాడు, ఆయన చేయి ఎట్లా వస్తుంది?

2027లో గోదావరి పుష్కరాలు. మంచిర్యాల ఘాట్లలో ఎంతమంది దిగుతారో ఊహించుకోండి, వాళ్ల పాదాల కింద ఏముండాలో కూడా. మీ ఇంట్లో పగిలిన పింగాణీ దేవత ఉంటే ముందు ఉద్వాసన చెప్పండి, నీళ్లు, అక్షతలు, ఒక నమస్కారం చాలు. అతికేదైతే అతికించి ఉంచుకోండి, బాపమ్మలా. మరీ ముక్కలైపోతే గుడ్డలో చుట్టి సుత్తితో చిన్నవి చేసి, తులసి కుండీ అడుగున నీళ్లు పోయే రంధ్రం మీద పరచండి. పాత పెంకులను కుండీల్లో అట్లాగే వాడతారు, మట్టి కొట్టుకుపోకుండా నీళ్లు మాత్రం దిగుతాయి. అక్కడ ఎవరి కాలూ తగలదు, పొద్దున తులసికి పోసిన నీళ్లు వాటి మీదుగానే పోతాయి.